కాడిని మించిన నూకరాజు

చెరకు ఆడే రోజుల్లో ఆ పెరటికి వెళ్లినవాళ్లకు ముందు పాకం వాసన తగులుతుంది, ఆ తర్వాత మాటలు తగులుతాయి. వాసన పొయ్యి ఆరితే పోతుంది. మాటలు పోవు. ఎవరు ఎవరి గడ్డి తిన్నారు, ఎవరి గుడ్డు ఎవరి గూట్లో దొరికింది, ఎవరు ఎవర్ని చూసి ముఖం తిప్పుకున్నారు, అన్నీ అక్కడ పొద్దున్నే తేలిపోవాలి. మనుషులు బెల్లం వండుకుంటుంటే జంతువులు ఈ కబుర్లు వండుకుంటూ ఉంటాయి.

ఆ పెరట్లో ఒక పక్క పొయ్యి, పెనం ఉన్న పాక. ఇంకో పక్క కోళ్ల దొడ్డి. దొడ్డిలోకి తలుపున్న ధాన్యం గది. ఆ గది వెనక గోడకు ఆనుకుని, పొయ్యిలో వేయడానికి ఎండబెట్టిన చెరకు పిప్పి పెద్ద వామిగా పేర్చి ఉంటుంది. ఆ వామిలో గుర్నాధం కాపురం.

గుర్నాధం పందికొక్కు. బొజ్జ, మీసం, మర్యాద పుష్కలంగా ఉన్నవాడు. దొంగ అని అందరికీ తెలుసు. కానీ ఎవరు ఎదురైనా ముందు క్షేమం అడుగుతాడు కాబట్టి ఆ మాట మొహం మీద అనడానికి ఎవరికీ నోరు రాదు. పోయింది ధాన్యమే కదా, పలకరింపు మిగిలింది అని సరిపెట్టుకుంటారు.

ధాన్యం గది వెనక గోడకు అతను ఏనాడో కన్నం పెట్టాడు. పని తెలిసినవాడు. కన్నం గుండ్రంగా, నున్నగా, తల తగలకుండా, మీసం చెదరకుండా దూరి రావడానికి వీలుగా ఉంటుంది. ఇబ్బంది ఒక్కటే. ఆ కన్నానికి అవతల నూకరాజు తల పెట్టుకుని పడుకుంటాడు.

నూకరాజు జెర్రిపోతు. విషం లేని పాము, ఎలకల్ని తిని బతికే పాము, అన్నిటికీ మించి బాతు పైడమ్మ పెంచుకున్న పాము. కాలవకు వరదొచ్చినప్పుడు కొట్టుకొస్తుంటే వానపాము అనుకుని ముక్కున కరుచుకుంది. మింగబోయే ముందు అది ఆమె వైపు చూసిందట. చూసిందని పైడమ్మ అంటుంది, ఇంకెవరూ చూడలేదు. అంతే, పెంచేసింది. సొంత గుడ్లు కోడి కింద పెట్టించుకునే జాతి, పాముపిల్లను మాత్రం ఒడిలో వేసుకుని సాకిందని దొడ్డిలో కోళ్లు ఇప్పటికీ ముక్కు మీద వేలేసుకుంటాయి. వేళ్లు కాళ్లకే ఉన్నాయి కాబట్టి కాస్త కష్టపడతాయి.

ఆ దొడ్డికి పెద్ద తాతబ్బాయి, కోడిపుంజు. పెద్దరికం ఎవరిచ్చారంటే ఎవరూ ఇవ్వలేదు, గొంతు ఇచ్చింది. పాము వచ్చిన రోజునే ఆయన కట్టుబాటు పెట్టాడు. పాము ఎలకల్ని తినాలి, గుడ్లు ముట్టకూడదు, పొడుగు మాత్రం బండి కాడిని మించకూడదు. మించిందంటే ఇక కోళ్ల దొడ్డిలో కాలు పెట్టకూడదు. కాడే ఎందుకంటే ఆ పెరట్లో అందరికీ తెలిసిన పొడుగు అదొక్కటే. దాన్ని మోసేది ఎద్దు పెంటయ్య.

"పాముకి కాళ్లుండవు కదా" అన్నాడు పెంటయ్య ఆ రోజు.

ఆ మాటకు తాతబ్బాయి ఇంతవరకు జవాబు చెప్పలేదు. పెంటయ్య కూడా మళ్లీ అడగలేదు. ఆయన ఓపిక అలాంటిది.

ఇలా ఉండగా గుర్నాధం ఇంట్లో గొడవ మొదలైంది. అతని భార్య కన్నమ్మ నెమ్మదైన మనిషే. అంటే నెమ్మదిగా అంటుంది, పొద్దంతా అంటుంది.

"మా నాన్న సంబంధం చూడ్డానికొచ్చినప్పుడు ఏటి చెప్పావు? గోడకి కన్నం ఉంది, కన్నం అవతల ధాన్యం ఉంది అన్నావు. నిజమే, రెండూ ఉన్నాయి. మధ్యలో ఆ తలకాయ సంగతి చెప్పలేదేం?"

"అప్పుడు లేదు కదే."

"ఇప్పుడుంది కదా. పిల్లలు పుట్టి ఇన్నాళ్లయింది, వడ్లగింజ ఎలా ఉంటుందో ఎరగరు. పొద్దున చెరకు మొదలు, సాయంత్రం చెరకు మొదలు. ఆ తీపికి పళ్లు జివ్వుమంటున్నాయని ఏడుస్తున్నారు. పందికొక్కు పిల్లలకి పళ్లే లేకపోతే ఏం ఉద్యోగం చేస్తారు?"

ఆ ప్రశ్న గుర్నాధానికి గుచ్చుకుంది. పాము మీదికి పోయే ధైర్యం తనకు లేదు. ఎవరికీ లేదు. కానీ తనకు లేని ధైర్యాన్ని వేరేవాళ్ల చేత చేయించడం ఎలాగో అతనికి తెలుసు. మీసం దువ్వుకుని తిన్నగా కోళ్ల దొడ్డికి వెళ్లాడు.

"తాతబ్బాయి మావా, పిల్లలు కులాసానా?"

"కులాసాయే. ఏం?"

"ఏం లేదు, ఊరికే అడిగాను. అందరూ కులాసానా, కొందరేనా?"

తాతబ్బాయి మెడ నిక్కింది. "కొందరేటిరా, అందరూనూ."

"అయితే ఇంకేం. నిన్న మీ నూకరాజు ఎండ కాగి గదిలోకి పోతుంటే చూశాను. తల లోపలికి పోయింది. నేనొక చెరకుముక్క నమలడం మొదలెట్టి, అవజేసి, మూతి తుడుచుకుని చూస్తే తోక ఇంకా లోపలికి పోతూనే ఉంది. పెరిగే పిల్లాడు, పెరగనివ్వండి. కాడి కట్టుబాటూ అవీ ఇప్పుడెవరికి గుర్తున్నాయి."

"నాకు గుర్తుంది" అన్నాడు తాతబ్బాయి. ఆ క్షణం దాకా ఆయనకు గుర్తు లేదు.

పొద్దెక్కేసరికి పంచాయితీ కూడింది. పెంటయ్య వచ్చాడు, మేక సన్యాసమ్మ వచ్చింది. సన్యాసమ్మ ఏ పంచాయితీకైనా వస్తుంది, అక్కడ తినడానికి ఏమైనా ఉంటుందేమోనని. గుర్నాధం మాత్రం పాకకు, దొడ్డికి మధ్యనున్న గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, తనకు ఇందులో ఏ సంబంధమూ లేనట్టు.

"కొలుచుకోండి" అంది పైడమ్మ. "నా బిడ్డ దాక్కునేవాడు కాదు. నూకరాజూ, బయటికి రా నాయనా, పెద్దలు నీ పొడుగు చూస్తారట."

నూకరాజు వచ్చాడు. పొద్దున్నే కడుపు నిండా తిన్నవాడు, కాబట్టి లోకంలో ఎవరి మీదా కోపం లేదు. పెంటయ్య కాడిని తెచ్చి గోడవార పడేశాడు.

"దీని పక్కన తిన్నగా పడుకో" అన్నాడు తాతబ్బాయి, బాగా వెనక్కి నిలబడి.

"తిన్నగా అంటే?"

"వంకర లేకుండా."

"వంకర లేకపోతే నేను ముందుకీ పోలేను, వెనక్కీ పోలేను. అలా పడుకుని ఏం చేయాలి?"

"ఏమీ చేయకూడదు. అదే పని."

నూకరాజు మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. తల చక్కగా పెడితే తోక చుట్టుకుంది. తోక చాపితే నడుము మెలికపడింది. అంతా తిన్నగా వచ్చిందనుకునేసరికి మొత్తం మనిషే ముందుకు జారిపోయి కాడికి అవతల తేలాడు.

"చెరో కొసా పట్టుకుని లాగితే?" అన్నాడు పెంటయ్య.

"లాగితే నీ కొమ్ములు ఊడతాయి" అంది పైడమ్మ. "పామంటే వెన్నే కదా. ఆ వెన్ను జారితే ఇంకేం మిగులుద్ది? పామును కొలవాలంటే దాన్ని లాగకూడదు, నొక్కకూడదు, బెదరగొట్టకూడదు. అది ఎలా ఉంటే అలా ఉండనిచ్చి కొలవాలి."

"అయితే పలుపుతాడు వేసి కొలుద్దాం" అంది సన్యాసమ్మ. "ఎన్ని వంకరలుంటే అన్ని వంకరలూ వీపు మీదుగా పలుపు పరిచి, తర్వాత ఆ పలుపును కాడి మీద చాపితే సరి. ఒక కొస తోక దగ్గర పట్టుకోవాలి, ఒక కొస తల దగ్గర."

మేక నోట ఇంత తెలివైన మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు. సన్యాసమ్మ కూడా అనుకోలేదు. అందుకే వెంటనే అంది, "తోక దగ్గర నేనుంటాను."

"తోక దగ్గర నేనుందామనుకున్నాను" అన్నాడు తాతబ్బాయి. "పెద్దవాణ్ణి."

"నా గిట్ట ఆనిస్తే తోక కదలదు" అన్నాడు పెంటయ్య.

"తల దగ్గర?" అంది పైడమ్మ.

తాతబ్బాయి ఆకాశం వైపు చూసి, గద్ద ఏమైనా వస్తోందేమోనని పరిశీలించాడు. పెంటయ్య నెమరు మొదలుపెట్టాడు.

"నేనుంటాను తల దగ్గర" అంది పైడమ్మ.

"తల్లి కొలిస్తే ఎలా? తక్కువ కొలుస్తావు."

"మరి నువ్వు రా."

"పంచాయితీ చెప్పేవాడు కొలవకూడదు" అన్నాడు తాతబ్బాయి. ఈ సూత్రం ఆయనకు అప్పుడే పుట్టింది, కానీ పుట్టగానే చాలా పాతదానిలా వినిపించింది.

అలా తోక దగ్గర అందరూ, తల దగ్గర ఎవరూ లేకుండా కాసేపు నడిచింది. చివరికి పెంటయ్యకు ఒక సందేహం వచ్చింది.

"పలుపేదీ?"

అందరూ సన్యాసమ్మ వైపు చూశారు. ఆమె దవడలు మెల్లగా ఆడుతున్నాయి. మూతి పక్కన జనపనార పోగు ఒకటి వేలాడుతోంది.

"కొస పట్టుకోమన్నారు" అంది ఆమె. "పట్టుకోవడానికి నాకున్నది నోరే. నోట్లో పెట్టుకున్నదాన్ని ఊరికే ఎంతసేపని పెట్టుకుంటాను?"

అప్పుడు గుమ్మం దగ్గర గుర్నాధం గొంతు సవరించుకున్నాడు. ఇందాకటి నుంచి అతను వేచి ఉన్నది దీనికే.

"పెద్దలు మాట్లాడుతుంటే నోరు పెట్టకూడదు గానీ, ఎవరికీ ఏ ప్రమాదమూ లేకుండా, క్షేమంగా కొలిచే దారి ఒకటుంది."

క్షేమం అనే మాటకు అందరి తలలూ ఒక్కసారి తిరిగాయి.

"నూకరాజు మొన్ననే కదా కుబుసం విడిచాడు. ఆ కుబుసాన్ని కొలవండి. తల నుంచి తోక దాకా అచ్చు దిగినట్టుంటుంది. కరవదు, కదలదు, చుట్టుకోదు. ఏ కొస దగ్గర నిలబడినా ఒకటే. మావ కావాలంటే తల దగ్గరే నిలబడొచ్చు."

"నిలబడతాను" అన్నాడు తాతబ్బాయి వెంటనే. "నాకేం భయం?"

"చొక్కా ఒంటికంటే కాస్త వదులుగా ఉంటుంది కదా" అన్నాడు పెంటయ్య.

"పెంటయ్య బావా, నువ్వెప్పుడైనా చొక్కా తొడుక్కున్నావా?" అని మర్యాదగా అడిగాడు గుర్నాధం.

"లేదు."

"మరి?"

పెంటయ్య ఆలోచనలో పడ్డాడు. ఆయన ఆలోచనలో పడితే తిరిగి లేవడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా పంచాయితీ కుబుసానికి ఒప్పుకుంది. పెరట్లో ఏ పిచ్చి పనైనా సరే, ఎవరికీ దెబ్బ తగలదంటే అది మంచి పనే.

పైడమ్మకు బిడ్డ విడిచిన కుబుసాలంటే ప్రాణం. చంటిపిల్లల చొక్కాలు దాచుకున్నట్టు చూరులో దోపి దాచుకుంటుంది. కొత్తది తీసి ముక్కుతో ఒకసారి నిమిరింది.

"దుమ్ము పట్టింది పిన్నీ" అన్నాడు గుర్నాధం. "ఇలా ఇవ్వండి. దులిపి, ఎండ వాలాక అందరూ కూడేసరికి తెస్తాను. మీ బిడ్డ గుడ్డ, నా బిడ్డ గుడ్డలా చూసుకుంటాను."

ఎండ నెత్తికెక్కి పెరడంతా కునుకు తీస్తున్న వేళ, గుర్నాధం, కన్నమ్మ కుబుసాన్ని కుడితి తొట్టి వెనక్కి ఈడ్చుకెళ్లారు. గూట్లో మెత్తగా పరుచుకుందామని అతను ఇదివరకు ఎన్ని కుబుసాలు ఏరుకొచ్చాడో. పాము ఒంటి మీంచి ఊడేటప్పుడే కుబుసం సాగుతుందని అతనికి తెలుసు. తడిపి లాగితే ఇంకా సాగుతుందని కూడా తెలుసు. చదువు ఎక్కడ అక్కరకొస్తుందో చెప్పలేం.

"నువ్వు తోక పట్టు. మెల్లగా. పట్టుచీర పట్టుకున్నట్టు."

"పట్టుచీర ఎలా పట్టుకోవాలో నాకేం తెలుసు" అంది కన్నమ్మ. "నువ్వు తెచ్చిన రోజున చెబుదువులే."

లాగారు. కుబుసం పలచబడింది, పారదర్శకంగా మెరిసింది, సాగింది. నూకరాజు పుట్టి ఇన్నాళ్లకు పెరిగినంత కంటే ఎక్కువగా ఆ మధ్యాహ్నం పెరిగాడు. కన్నమ్మ ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వు కనిపించింది.

"పిల్లలకి చెప్పనా మరి?"

"చెప్పు. మూతులు కడిగి సిద్ధంగా కూర్చోబెట్టు."

ఎండ వాలింది. కుబుసాన్ని కాడి పక్కన పరిచారు. తల అచ్చు ఉన్న కొస దగ్గర తాతబ్బాయి ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు, మధ్య మధ్య దాన్ని కాలితో తట్టి కూడా చూపించాడు. తోక కొస కాడిని దాటి పోయింది.

"ఇదేంటి, తడిగా ఉంది?" అంది పైడమ్మ వంగి చూసి.

"నా కన్నీళ్లు పిన్నీ" అన్నాడు గుర్నాధం. "బిడ్డ ఎంత ఎదిగాడో చూసేసరికి ఆగలేదు."

పైడమ్మ అతని కళ్ల వైపు చూసింది. కుడితి తొట్టి వైపు చూసింది.

"జానెడు ఎక్కువ" అని ప్రకటించాడు తాతబ్బాయి.

"ఎవరి జాన?" అన్నాడు పెంటయ్య, అప్పుడే ఆలోచనలోంచి లేచి. అక్కడున్నవాళ్లలో ఎవరికీ చేతులు లేవు. అయినా జానెడు జానెడే.

ఇక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ గెలిచినవాడికి ఇంకో మాట అనాలనిపిస్తుంది. గుర్నాధం గుమ్మం దిగి దొడ్డి మధ్యలోకి వచ్చాడు.

"ఒక్క ముక్క చెప్పనివ్వండి. ఇది ఎలకలు తినే పొడుగు కాదు. ఈ పొడుగుకి ఎలక ఏ మూలకూ ఆనదు. ఇది పందికొక్కును మింగే పొడుగు. నాలాంటి బొజ్జ ఉన్నవాణ్ణే మింగగల పాముకి కోడిపిల్ల ఒక లెక్కా? నా సంగతి వదిలేయండి, నేను ఎక్కడో బతుకుతాను. మావ పిల్లల కోసం చెబుతున్నాను."

సన్యాసమ్మ నమలడం ఆపింది. ఆమె నమలడం ఆపడం ఆ పెరట్లో ఎవరూ ఎరగరు. తాతబ్బాయి రెక్కతో కళ్లు ఒత్తుకున్నాడు. అందరూ పైడమ్మ వైపు తిరిగారు, ఏడుస్తుందని. ఏడిస్తే ఓదార్చడానికి కొందరు, చూసి ఇంటికెళ్లి చెప్పుకోవడానికి కొందరు, ఎవరి ఏర్పాట్లలో వాళ్లున్నారు.

పైడమ్మ ఏడవలేదు. రెక్కలు దులుపుకుని నిలబడింది.

"కాడిని మించాడా?"

"మించాడమ్మా."

"ఆ మాట ఇంకోసారి చెప్పండి. దొడ్డి అవతలికి కూడా వినపడేట్టు."

తాతబ్బాయికి గొంతెత్తమంటే రెండోసారి చెప్పక్కర్లేదు. కాకులు లేచిపోయేలా కూశాడు.

"తాడుముక్కన్నారు నా బిడ్డని" అంది పైడమ్మ. "వానపామన్నారు. బాతు పాలు తాగి పెరిగిన పాము ఏం ఎదుగుద్దన్నారు."

"బాతుకి పాలు..." అన్నాడు పెంటయ్య.

"నువ్వుండు బావా. ఇప్పుడు వాడు పందికొక్కును మింగేంతవాడయ్యాడు. నేను చెప్పుకున్నది కాదు, గుర్నాధం బాబు నలుగురిలో చెప్పాడు. కట్టుబాటు కట్టుబాటే, వాడింక దొడ్డిలోకి రాడు. నేనే రానివ్వను. కానీ ఇంతవాణ్ణి చేసి ఎలకల గదిలో కూర్చోబెడితే ఏం బాగుంటుంది? వాడి పొడుగుకి తగ్గ చోటు చూపించండి. పందికొక్కులుండే చోటు."

"ఎక్కడుంటాయమ్మా అవి?" అన్నాడు నూకరాజు. పొద్దుటి నుంచి వాడు ఆసక్తిగా తల ఎత్తడం అదే మొదటిసారి.

అందరూ గుర్నాధం వైపు చూశారు, చూసి మర్యాదగా చూపు తిప్పుకుని, పిప్పి వామి వైపు చూశారు.

గుర్నాధానికి తన మీసాలు తనకే బరువనిపించాయి.

"అదేంటి పిన్నీ, కాస్త ఆలోచించాలి" అన్నాడు. "కుబుసం అంటే... కుబుసం కొంచెం సాగుతుంది కదా."

"అచ్చు దిగినట్టుంటుందన్నావు కదా" అన్నాడు తాతబ్బాయి.

"అన్నాను మావా. కానీ సాగుతుంది. పాము ఎప్పుడూ కుబుసం కంటే పొట్టిగానే ఉంటుంది. తడిస్తే మరీ సాగుతుంది. లాగితే ఇంకా."

"లాగితేనా? ఎవరు లాగారు?"

"ఎవరూ లాగలేదు. మాట వరసకి."

"అలాగైతే మాటలెందుకు" అంది సన్యాసమ్మ. "పెంటయ్య బావ మెడకున్న పలుపు ఇంకా ఉంది. అసలు పామునే కొలిచేద్దాం. తోక దగ్గర నేనుంటాను."

"తల దగ్గర ఎవరుంటారు?" అన్నాడు తాతబ్బాయి.

"ఒప్పుకోనన్నవాడే ఉండాలి. అంతకంటే న్యాయం ఏముంది?"

ఆ న్యాయం అందరికీ బాగా నచ్చింది. నూకరాజుకు ఇంకా నచ్చింది. మెల్లగా వచ్చి గుర్నాధం ముందు గడ్డం నేలకానించి పడుకున్నాడు. ఈసారి ఎక్కడా ఒక్క వంకర లేదు.

"రండి బాబాయ్" అన్నాడు. "మీరు దగ్గరుంటే నాకు కదలబుద్ధి కాదు. పొద్దుట ఎంత ప్రయత్నించినా తిన్నగా రాలేదు, ఇప్పుడు చూడండి ఎలా వచ్చిందో. కోరికలో ఉంటుంది అంతా."

అని ఆవులించాడు. ఆవులింత చాలాసేపు సాగింది. అడుగు దవడ ఎంత కిందికి పోతుందో, పక్కలు ఎంత విచ్చుకుంటాయో గుర్నాధం తన బొజ్జతో సరిపోల్చుకుంటూ చూశాడు. కాడీ పలుపూ ఏమీ అక్కర్లేకుండానే అతనికి కొలత తెలిసిపోయింది.

"కుబుసమే సరైన కొలత" అన్నాడు.

"అంటే కాడిని మించినట్టేనా?" అంది పైడమ్మ.

"మించినట్టే."

"పందికొక్కును మింగే పొడుగేనా?"

గుర్నాధం ఒక అడుగు వెనక్కి వేశాడు. "పొడుగే."

"మరి ధాన్యం గదిని ఎవరు చూసుకుంటారు?" అన్నాడు పెంటయ్య. గుర్నాధం చెవులు నిక్కాయి. ఆ మాటలో ఆశ ఏదైనా ఉందేమోనని.

"దానిదేముంది" అంది పైడమ్మ. "వామి గది గోడకు ఆనుకునే ఉంది కదా. గోడకు వెనక నుంచి ఎవరో పుణ్యాత్ములు చక్కటి కన్నం తవ్వి పెట్టారు. నా బిడ్డ వామిలో ఉంటూ ఆ కన్నంలోంచే గదీ చూసుకుంటాడు. దొడ్డి మొహం చూడక్కర్లేదు."

"ఎవరు తవ్వారో గానీ ముందుచూపున్నవాళ్లు" అన్నాడు తాతబ్బాయి.

గుర్నాధం ఆ గొప్ప తనదని చెప్పుకోలేదు. అతను ఎంత నమ్రతగలవాడో ఆ రోజే పెరడంతటికీ తెలిసింది.

పైడమ్మ తెలిసే అన్నదా, బిడ్డ మీది మురిపెం కొద్దీ అన్నదా అనే విషయం మీద ఆ పెరట్లో ఇప్పటికీ రెండు పార్టీలున్నాయి. ఆమెను అడిగితే, తల్లిని నాకేం తెలుస్తాయి ఈ కొలతలూ అవీ అంటుంది.

గుర్నాధం మాత్రం వీడ్కోలు కూడా చెప్పకుండా దొడ్డి దాటాడు. క్షేమం అడగకుండా అతను వెళ్లిపోవడం అదే మొదలు. వామిలో దూరేసరికి పిల్లలు మూతులు కడుక్కుని, తలలు దువ్వుకుని వరసగా కూర్చున్నారు. చిన్నవాడు అప్పటికే వడ్లు నములుతున్నట్టు దవడలాడిస్తున్నాడు.

"అయిందా?" అంది కన్నమ్మ.

"అయింది."

"కన్నం అవతల ఎవరూ లేరా?"

"లేరు. వాడు ఇల్లు మారాడు."

కన్నమ్మ సంతోషంగా నిట్టూర్చింది. "పీడా పోయింది. ఎక్కడికి మారాడో?"

వామి అంచున ఎండు పిప్పి గలగలమంది. ఆ చప్పుడు ఒక చోట మొదలై, మెల్లగా, తాపీగా, చాలాసేపు వస్తూనే ఉంది. జానెడు సంగతేమో గానీ, వినేవాళ్లకు మాత్రం అది ఎంతకీ తరగని పొడుగే.

పొద్దు కుంకేలోగా పందికొక్కుల కుటుంబం పిల్లల్ని నోట కరుచుకుని చెరకుతోట గట్టు మీదుగా అవతలి పొలాలకు పోవడం పెరడంతా చూసింది. ముందు కన్నమ్మ నడుస్తోంది. నెమ్మదిగా ఏదో అంటూనే ఉంది. నోట్లో పిల్ల ఉన్నా అనడం ఆగలేదంటే ఆమె చెప్పదలుచుకున్నది ఎంతుందో మనమే ఊహించుకోవాలి. వెనక గుర్నాధం, తల ఎత్తకుండా. దొడ్డి గోడెక్కి తాతబ్బాయి, ప్రయాణం ఎందాకా అల్లుడూ, అంతా కులాసాయేనా అని పెద్ద గొంతుతో పలకరించాడు.

పక్కవాడి పొడుగును పెంచి చెప్పేవాడు, ఆ పొడుగు రేపు ఎవరి వాకిట్లో చాపుకుని పడుకుంటుందో ముందుగా చూసుకోవాలి.